చెట్టుకు అవతలి పక్క

మామిడి చెట్టును ఒక పక్క నుంచి చూస్తే సగం కాపే కనిపిస్తుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. తప్పు లెక్కలు చెప్పి, తోటల వాళ్ళ చేత తిట్లు తిని నేర్చుకున్నాను. ఐరాల చుట్టుపక్కల తోటల్లో కోతకు ముందు కాయ ఎంత దిగుతుందో అంచనా కట్టడం నా పని. పెళ్ళయ్యాక నా భార్య కూడా వచ్చేది. చెట్టుకు ఇవతల నేను, అవతల ఆమె. "నీకెంత?" అని నేను అరిస్తే కొమ్మల్లోంచి ఆమె లెక్క వచ్చేది. రెండూ కలిపితే చెట్టు. ఆమె లెక్క ఎప్పుడూ నాకంటే కొంచెం తక్కువే. "నువ్వు ఆకుల్ని గూడా కాయలంటావు బావా" అని నవ్వేది.

ఆమె పోయిన పదకొండో రోజు కాకి పిండం ముట్టలేదు. అత్త, అంటే ఆమె తల్లి, నాకు సొంత మేనత్త. "పాపకేం కోరికుండాదో అడగరా" అని బతిమాలింది. "సచ్చినోళ్ళకు కోరికలేందత్తా, కాకికి ఆకలి లేదంతే" అన్నాను, పదిమందీ వినేటట్టు. తెలివైన మాట అన్నానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఈ ఏడు కోతల కాలం వచ్చింది. మొదటి తోటలో అలవాటు కొద్దీ "నీకెంత?" అనేశాను. చెవికి ఏమీ వినబడలేదు. కానీ అవతల మనిషి ఉంటే చెట్టు ఒక రకంగా ఉంటుంది, లేకపోతే ఇంకో రకంగా ఉంటుంది. ఆమె అక్కడ ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని పై కొమ్మలు చూస్తోంది. ఆమె లెక్క నాకు తెలిసిపోయింది. అటు వెళ్ళి చూడలేదు. చూస్తే లేదని తేలిపోతుందని భయం. ఆ రోజు నుంచి ప్రతి చెట్టు దగ్గరా అడుగుతున్నాను.

అప్పుడే అత్త సంవత్సరీకం మాట ఎత్తింది. ఏడాది దాకా ప్రాణం ఆకలితో ఇక్కడే తిరుగుతుందని, సంవత్సరీకం పెడితేనే పెద్దల్లో కలిసి కడుపు నిండా తింటుందని ఆమె నమ్మకం. "అయ్యోరికి సెప్పినావా?" అని అడిగినప్పుడల్లా "అవన్నీ దండగత్తా" అనేవాణ్ణి. నమ్మకం లేక కాదు. పెడితే వెళ్ళిపోతుందని. చచ్చినవాళ్ళు లేరని నలుగురిలో అన్న నోటితో ఈ మాట ఎవరికి చెప్పుకోను?

మొన్న అత్త తోటకు సంగటి తెచ్చింది. నీడ వెతుక్కుంటూ, నేను చూస్తున్న చెట్టుకు అవతలికి పోయి నిలబడింది.

"ఆడ నిలబడొద్దత్తా!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడింది. "ఏం రా, పామా?"

"కాదు."

"మరేందిరా?"

నేను అత్త పక్కనున్న చోటు వైపే చూస్తున్నాను. ఆమె కిందికి చూసింది, పక్కకు చూసింది, నా మొహం చూసింది. బస్సులో ఎవరికో చోటిచ్చినట్టు మెల్లగా పక్కకు జరిగింది.

"ఈడుండాదా?"

తల ఊపాను.

"దండగ, దండగ అని నాకు సెప్తానే దాన్ని ఈడ పెట్టుకోనుండావా?"

"పోతాదని భయమేసిందత్తా."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఖాళీ చోటు వైపు తిరిగి "తిన్నావామ్మా?" అని అడిగింది. తర్వాత నన్ను అడిగింది: "ఏమంటా ఉండాది?"

ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు. నోరు రాలేదు. "మాటలు రావత్తా. కాయల లెక్క ఒకటే తెలుస్తాది."

"పెండ్లాం నీకు కాయల కోసరమే కావాల్సొచ్చెనేమిరా! ఇంత ఎండలో, తిండీ నీళ్ళూ లేకుండా నిలబెట్టినావే."

అక్కడే ఫోన్ తీసి అయ్యవారికి చేశాను. ఎవరి సంవత్సరీకమని ఆయన అడిగేసరికి ఫోన్ చెవి నుంచి దించేశాను. అత్త ఫోన్ లాక్కుని కూతురి పేరూ తిథీ తానే చెప్పింది. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండాలని ఆయన చెప్పినట్టున్నాడు. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది.

"సిన్నప్పుడు దానికి అలసంద వడలంటే పానం. నీ ఇంటికొచ్చినాక ఏం ఇష్టంగా తినేదో నువ్వే సెప్పల్ల."

అందరికీ పెట్టి, చివర్లో వంటింట్లో కూర్చుని తినేది. ఏం తినేదో నేనెప్పుడూ చూడలేదు. అత్త ఇంకా నా నోటి వైపే చూస్తోంది.

"వడలే చేద్దామత్తా" అన్నాను.