విసుగు మాస్టారి నోటుపుస్తకం

మా గైడెన్సు మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే చాలు, "మీ పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఏది?" అని అడిగేవారు. పేరు, ఊరు, పిల్లలెంతమంది అన్నవి ఆ తర్వాత. కొందరి విషయంలో ఆ తర్వాత అనేది వచ్చేదే కాదు. వాళ్లే లేచి వెళ్లిపోయేవారు.

ఆ హైస్కూల్లో నేను లైబ్రేరియన్ని. ఆయనకి వేరే గది ఇవ్వలేక లైబ్రరీలోనే ఓ మూల రెండు బీరువాలు అడ్డంపెట్టి, ఇదే గైడెన్సు గది అన్నారు. బీరువాలకి అవతల ఆయన, ఇవతల నేను. పదకొండేళ్లు అలాగే గడిచాయి. నాది ఒకచోట కూర్చుని చదువుకునే స్వభావం. ఆయనది తిరిగి తిరిగి అడిగే స్వభావం. పిల్లలు వెనకాల విసుగు మాస్టారు అనేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. హోదా పెరిగినట్టు సంతోషించారు కూడా.

ప్రతి సోమవారం పొద్దున్నే లైబ్రరీ తలుపు మీద "గైడెన్సు వార్తలు" అని ఓ కాగితం అంటించేవారు. ఏ పరీక్ష ఏ తేదీన, ఏ శిక్షణకి ఎన్ని సీట్లు, దరఖాస్తుకి ఆఖరు రోజు ఎప్పుడు, ఫోటోలో రెండు చెవులూ కనబడాలా ఒకటి చాలా, అన్నీ అందులో ఉండేవి. అన్నిటికంటే కింద, గీత గీసి, "ఈ వారం విసుగు". పిల్లలు ముందు చదివేది అదే. "వంటమనిషి: ఉల్లిపాయలు కాదు, ఉప్పు సరిపోయిందా అని అందరినీ అడగడం." "లాయరు: వాదన కాదు, వరండాలో కూర్చోవడం." "చెప్పుల దుకాణం యజమాని: రెండో చెప్పు వెతకడం."

ఇవన్నీ రాసుకోవడానికి ఆయన దగ్గర నల్ల అట్ట నోటుపుస్తకం ఒకటి ఉండేది. ఎక్కడికి వెళ్లినా చంకలో అదే. పళ్ల డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లారు. నోట్లో రెండు పనిముట్లు ఉండగానే ప్రశ్న అడిగారట. మూడోసారికి డాక్టరుకి అర్థమైంది.

"నోరు తెరవండి, నోరు తెరవండి అని రోజంతా అనడం," అన్నాడట డాక్టరు. "నోరు మూసుకోండి అనాల్సిన అవసరం ఇవాళే వచ్చింది."

మాస్టారు వాచిన బుగ్గతో వచ్చి, రెండు వాక్యాలూ పొల్లుపోకుండా నాకు చదివి వినిపించారు.

ఒకసారి వృత్తుల దినోత్సవానికి విమానం నడిపే ఆయన్ని పిలిచారు. తెల్ల చొక్కా, భుజాల మీద గీతలు. మబ్బుల మీద సూర్యోదయం ఎలా ఉంటుందో ఆయన చెబుతుంటే నేనే పుస్తకం మూసి విన్నాను. హెడ్మిస్ట్రెస్ గారు మురిసిపోతూ, "ఎంతమంది పైలట్లవుతారు?" అని అడిగితే ముప్పైరెండు చేతులు లేచాయి. వెనక బెంచీలోంచి మాస్టారు లేచారు. హెడ్మిస్ట్రెస్ గారు కళ్లతోనే కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు.

"అయ్యా, మీ పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది ఏది?"

పైలట్ కాసేపు పైకి చూశాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయని ఆరు గంటలపాటు చూస్తూ కూర్చోవడం."

ఇరవైతొమ్మిది చేతులు దిగిపోయాయి.

"పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లారు మాస్టారూ," అన్నారు ఆవిడ తర్వాత, గదికి పిలిచి.

"తడవని చేతులు మూడు మిగిలాయి కదమ్మా," అన్నారీయన.

నాకు మాత్రం ఒకటి అంతుపట్టేది కాదు. ఊళ్లో అందర్నీ అడిగిన మనిషి నన్ను ఎన్నడూ అడగలేదు. గంట కొట్టే అటెండరుని రెండుసార్లు అడిగారు, జవాబు మారిందేమోనని. పక్కనే ఉన్న నన్ను మాత్రం లేదు. లైబ్రరీ పని ఆయన లెక్కలో పనే కాదేమో అనుకున్నాను. కొన్నాళ్లు జవాబు కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అడగని ప్రశ్నకి జవాబు దాచుకోవడం కూడా ఒక రకం విసుగే.

పదో తరగతి పిల్లలకి ఏటా అభిరుచి పరీక్ష పెట్టేవారు. నూట ఇరవై ప్రశ్నలు. ఎవరికి దేనిమీద మొగ్గు ఉందో చూపిస్తూ ఒక్కొక్కరికి ఆరు నిలువు పట్టీల బొమ్మ వచ్చేది. ఆ ఏడాది ఫలితాలొచ్చిన రోజు ఒకమ్మాయి మధ్యాహ్నం బడిగంటకి కూడా లేవకుండా లైబ్రరీలో కూర్చుంది. రోజూ వచ్చే పిల్లే. కిటికీ పక్క కుర్చీ. భోజనం డబ్బా మూసి, నా పుస్తకాల బీరువాలు సర్దిపెట్టేది. పెద్దగా మాట్లాడదు.

మాస్టారు బీరువాల మధ్యలోంచి తల పెట్టి, "ఏమ్మా, ఏమొచ్చింది?" అన్నారు.

ఆ పిల్ల కాగితం చాపింది. ఆరు పట్టీలూ ఒకే ఎత్తున ఉన్నాయి. అదీ తక్కువ ఎత్తు.

"మా అన్నయ్యది మేడలా వచ్చింది సార్. నాది ఇస్త్రీ చేసినట్టుంది."

"ఇంట్లో ఏమంటున్నారు?"

"ఇందులో ఏదైనా తేలితే చదివిస్తానన్నారు నాన్న. తేలకపోతే మామయ్య చెప్పుల దుకాణంలో కూర్చోమన్నారు."

"ఆ రెండో చెప్పు మామయ్యేనా మీ మామయ్య? ఆయన నా పుస్తకంలో ఉన్నాడు. అక్కడ నీకు విసుగా?"

"జనంతో మాట్లాడ్డం విసుగు సార్. రెండో చెప్పు వెతకడం బాగుంటుంది. మామయ్య నన్ను పిలిచేది అందుకే."

మాస్టారు కుర్చీలో కూర్చుని నోటుపుస్తకం తీసి, తలకిందులు చేసి, వెనకనుంచి తెరిచారు. పుస్తకానికి వెనక వైపు కూడా ఏదో రాస్తారని పదకొండేళ్లలో నాకు తెలిసింది ఆ రోజే.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ గారి గదికి నన్ను కూడా తీసుకెళ్లారు, సాక్షిగా. పెద్దాసుపత్రి ల్యాబులో సెలవుల శిక్షణ ఉంది. అందులో చేరినవాళ్లకి తర్వాత రెండేళ్ల టెక్నీషియన్ చదువులో సీటు ఖాయం. మా స్కూలుకి ఒక్కరికే చోటు. శుక్రవారం ఆఖరు రోజు.

"ఇది సైన్సు పట్టీ ఎత్తుగా ఉన్న అబ్బాయికి ఇస్తున్నాను," అన్నారావిడ. "పరీక్ష పెట్టింది మీరే కదా మాస్టారూ."

"పెట్టింది నేనేనమ్మా. అది ఏది ఇష్టమో అడుగుతుంది. ఏది భరించగలవో అడగదు."

"ఈ అమ్మాయి భరించగలదని ఏమిటి ఆధారం?"

ఆయన నోటుపుస్తకం తలకిందులు చేసి ఆవిడ ముందు పెట్టారు. నేను కూడా వంగి చూశాను. ఒక్కో పేజీకి ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు. ముందు వైపు లోకంలో ఎవరికి ఏది విసుగో ఉంది. వెనక వైపు ఏ పిల్లకి ఏది విసుగు కాదో ఉంది. "తోటలో గొట్టం పట్టుకుని గంటన్నర. పిలిస్తే పలకలేదు." "మైకు ఇస్తే వదలడు." కిటికీ పక్క అమ్మాయి పేజీలో ఇలా ఉంది: "రిజిస్టరులో పుస్తకాలు నాలుగువేల నూట ఇరవై. ఈమె లెక్కకి నాలుగువేల నూట పన్నెండు. మూడుసార్లు లెక్కపెట్టింది. లైబ్రరీ మేడమ్‌కి చెబితే బాధపడతారని చెప్పలేదు. మిగిలిన ఎనిమిదీ స్టాఫ్‌రూములో ఉన్నాయని తనే కనిపెట్టింది."

హెడ్మిస్ట్రెస్ గారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను.

మాస్టారు పుస్తకం మళ్లీ తిరగేసి, ముందు వైపు ఒక వాక్యం మీద వేలు పెట్టారు. "ఆసుపత్రి ల్యాబు పెద్దావిడ: మైక్రోస్కోపు కింద గళ్లలో కణాలు లెక్కపెట్టడం. తెలివైన పిల్లలు వస్తారు. మూడో రోజుకి కిటికీలోంచి బయటికి చూస్తారు."

"అయితే ఆవిడనే తేల్చమనండి," అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

శుక్రవారం ఆ పెద్దావిడ పది గాజుపలకలు పట్టుకుని మా సైన్సు గదికి వచ్చారు. అబ్బాయికి ఒక మైక్రోస్కోపు, అమ్మాయికి ఒకటి, చెరి అయిదు పలకలు. ఒక్కో గడిలో ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టి రాయాలి. మొదటి పలక అబ్బాయి చకచకా ముగించాడు. అమ్మాయి ఇంకా సగంలోనే ఉంది. మాస్టారు బయట వరండాలో నోటుపుస్తకంతో విసురుకుంటూ తిరుగుతున్నారు. ఎదురుచూడటం ఆయనకి ఎంత విసుగో అప్పుడే చూశాను.

మూడో పలక దగ్గర అబ్బాయి తలెత్తాడు. "ఇంకా ఎన్ని ఉన్నాయి మేడమ్?"

అయిదో పలక ముగించి అమ్మాయి తలెత్తింది. "అయిపోయాయా మేడమ్? ఇంకేమీ లేవా?"

పెద్దావిడ రెండు కాగితాలూ తన లెక్కతో పోల్చి చూసి, అమ్మాయి కాగితం దగ్గర ఆగారు. "రెండో పలకలో నేనే ఒకటి వదిలేశాను," అని కళ్లద్దాలు తుడుచుకున్నారు. దరఖాస్తు మీద అక్కడే సంతకం పెట్టారు.

అబ్బాయి బయటికొచ్చి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "బతికించారు సార్. మా నాన్నకి కూడా మీరే చెప్పండి."

"నీది మైకు పేజీరా," అన్నారు మాస్టారు. "సోమవారం కాగితం చూడు. వక్తృత్వ పోటీ ఉంది. ఫోటోకి ఒక చెవి చాలు."

మరో మూడేళ్లకి ఆయన రిటైరయ్యారు. వెళ్లేరోజు నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి, "లైబ్రరీకి" అన్నారు. దాన్ని ఏ బీరువాలో పెట్టాలో తేలక ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ తేలలేదు.

ముందు వైపు చివరి మాట ఆ అమ్మాయిదే. అప్పటికి ల్యాబులో ఉద్యోగం. "అన్నిటికంటే విసుగు పుట్టించేది: మధ్యాహ్నం భోజనానికి లేవడం."

పుస్తకం తలకిందులు చేశాను. అన్నీ పిల్లల పేజీలే. మొదటి పేజీల్లోనే, పిల్లల్లో కలిపి, నా పేజీ ఉంది. మీద వేసిన తేదీ మేమిద్దరం ఒకే గదిలో పడ్డ మొదటి ఏడాదిది.

"లైబ్రరీ మేడమ్. అడగనక్కర్లేదు. రోజూ నేను చెప్పేదంతా వింటున్నారు."

దాని కింద వేరే సిరాతో, ఏడాదికొక వరస చొప్పున లెక్క ఉంది. ఆఖర్న మొత్తం కూడి రాశారు.

"పద్నాలుగేళ్లలో ఆవలింతలు: నాలుగు. నాలుగూ భోజనం తర్వాతే. చెల్లవు."