శాబాష్ నాయనా!

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను ఆళ్లగడ్డ పంపారు. అప్పటికి నేను ఒక సంగీత భాండాగారంలో సీనియర్ కేటలాగరుని. పాత గ్రామఫోను రికార్డుల మీది పేర్లలో అసలువి ఏవో, పెట్టుడు పేర్లు ఏవో తేల్చడం నా ఉద్యోగం. పెళ్లిచూపుల్లో మామగారికి అది ఎంత చెప్పినా అర్థం కాలేదు.

నన్ను పంపింది ఒక నాదస్వరం రికార్డు కోసం. లేబులు మీద 'మాస్టర్ నరసింహ, అహోబిలం' అని ఉంది. ఆ రోజుల్లో కంపెనీలు బాలకళాకారుల పేర్లకు 'మాస్టర్' తగిలించేవి. కీర్తన చివర ఎవరో సన్నని గొంతుతో "శాబాష్ నాయనా!" అంటారు. గురువు శిష్యుణ్ణి మెచ్చుకుంటున్నాడని మా కమిటీ తేల్చింది. గురువు గొంతు అంత సన్నగా ఉండదు కాబట్టి రికార్డు వేగంగా తిరుగుతోందన్నారు. పాత రికార్డుల వేగం ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. సరేనని, గొంతు పెద్దమనిషిదయ్యేదాకా వేగం తగ్గించాం.

అహోబిలంలో నరసింహస్వాములు తొమ్మిదిమంది. ఎవరూ నాదస్వరం వాయించరు. అర్చకులు ఆళ్లగడ్డలో హుసేనమ్మను అడగమన్నారు. ఆమె తండ్రి దస్తగిరి ఒకప్పుడు అక్కడి ఉత్సవాల్లో వాయించేవాడట.

ఆమెకు ఎనభై దాటాయి. మా నాయన రికార్డిచ్చినాడని జీవితమంతా చెప్పుకుంది. దస్తగిరి పేరుతో రికార్డే లేదు గనుక ఎవరూ నమ్మలేదు. "బేగా వినిపీప్పా, నేను పోయేలోపల," అంది.

లాప్‌టాప్‌లో ఎక్కించుకొచ్చిన పాట వినిపించాను. ఆమె ముఖం వాడిపోయింది.

"ఇది మా నాయన కాదప్పా. ఎవడో మూట మోస్తా ఊదుతాండాడు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. లాప్‌టాప్ మూయబోతుండగా లోపల్నుంచి ఆమె మనవరాలు తండ్రిని కేకేసింది: "నాయనా, బువ్వకు రా!"

మాది గోదావరి జిల్లా. మా ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని నాయనా అంటారు. కమిటీలో సీమ మనిషి ఒక్కడూ లేడు. వేగం మళ్లీ మొదటికి తెచ్చాను. నాదస్వరం పరుగెత్తింది. హుసేనమ్మ చెయ్యి తొడ మీద తాళం వేయసాగింది. చివర ఒక పసిపిల్ల "శాబాష్ నాయనా!" అని అరిచింది.

"నేనేప్పా! మద్రాసుకు నన్నూ ఎత్తుకపోయినాడు. పెండ్లిండ్లలో అందరూ శాబాష్ అంటాంటే నేర్చుకుంటి. అరిచినాక కంపెనీ దొర కొడతాడేమోనని నాయన ఎనక దాక్కుంటి." ఏడుస్తూనే నవ్వింది.

ఇంటివాళ్ల మాట ఒక్కటే సాక్ష్యం కాదని మా నిబంధన. ఇంట్లో దాచిన దస్తగిరి నాదస్వరాన్ని ఆమె కొడుకు చేత ఊదించి శ్రుతి సరిచూశాను. మేం చెయ్యి పెట్టని వేగానికి సరిపోయింది.

మరి నరసింహ ఎవరని అడిగాను.

"నాయన ఇంకో కంపెనీకి ఒప్పందం రాసిచ్చింటాడు. అందుకని స్వామి పేరు పెట్టుకున్యాడు. స్వామికి ఎవరితో ఒప్పందముందప్పా?"

కంపెనీ తగిలించిన 'మాస్టర్' అంటే అయ్యవారు అనుకుని దస్తగిరి దానికీ ఒప్పుకున్నాడట.

వినబడిన మాట మనకు పొసగకపోతే యంత్రాన్ని సరిచేయకూడదు. అది ఏ ఊరి మాటో ముందు కనుక్కోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే. కేటలాగులో వాద్యకారుడి గడిలో దస్తగిరి పేరు ఎక్కించాం. మెచ్చుకున్నవారికి గడి లేదు. రిటైరయ్యేలోపు పట్టుబట్టి ఒకటి పెట్టించాను. అందులో ఇప్పటికీ హుసేనమ్మ ఒక్కతే ఉంది.