జక్రీత్‌లో హీటర్ లేని కారవాన్

ఖతర్‌లో చలేమిటని నవ్వేవాళ్ళు జనవరిలో ఒక్కసారి జక్రీత్ ఎడారికి వెళ్ళి రావాలి. మంచు కురవదు, బకెట్లో నీళ్ళు గడ్డకట్టవు, నిజమే. కానీ వాయవ్యం నుంచి గాలి లేచిందంటే ఎముకలు కొరికేస్తుంది. దోహాలో గోడల మధ్య బతికేవాళ్ళకి ఆ గాలి సంగతి తెలియదు. మాకూ తెలియదు. ఇంట్లో చలి సరంజామా అంతా వెతికితే మావారి మంకీ క్యాపు, ఆఫీసులో ఏసీకి నేను కప్పుకునే శాలువా దొరికాయి. ఆ రెంటితోనే బయల్దేరాం.

ఈ ప్రయాణం నేను కోరి పెట్టుకున్నది కాదు. మా డేవిడ్ అన్నయ్య అల్ వుకైర్‌లో ఉంటాడు, మేం అబూ హమూర్‌లో. కారులో పెద్ద దూరమేం కాదు. అయినా ఏడాది పైగా మా మధ్య మాటల్లేవు. అమ్మ రామచంద్రపురంలో పోయినప్పుడు అన్నయ్యకి వెంటనే టికెట్ దొరికింది, నాకు మర్నాటికి గానీ దొరకలేదు. ఇంకొక్క పూట ఐస్‌బాక్స్‌లో ఉంచండి, వచ్చేస్తున్నాను అని ఎయిర్‌పోర్టు నుంచి ఏడుస్తూ ఫోన్ చేశాను. ఉంచలేదు. నేను చేరేసరికి సమాధి మీద మట్టి తడి కూడా ఆరలేదు. అమ్మని ఆఖరిసారి చూసుకోలేకపోయాను. ఎందుకు ఆగలేదని అడిగితే అన్నయ్య జవాబు చెప్పలేదు. తప్పయింది అని ఒక్క మాట అంటే చాలు, మళ్ళీ అన్నాచెల్లెళ్ళం అయిపోతాం అనుకున్నాను. ఆ మాట అనకుండానే తను ఆ రాత్రికే ఇక్కడికి వచ్చేశాడు, తర్వాత నేనూ వచ్చేశాను.

కిందటి నెల లలిత వదిన ఫ్యామిలీ వీసా మీద నిజామాబాద్ నుంచి వచ్చింది. వచ్చీరాగానే మావారితో ఫోన్లో మంతనాలు మొదలుపెట్టింది. "నలుగురం ఎటన్న పోయి ఒక్క రాత్రి ఉందం అన్నా. ఒక్క కప్పు కింద పండుకుంటే మాట్లాడక యాడికి పోతరు?" అందట. అన్నయ్య ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో ట్రైలర్ తోలతాడు, కారవాన్ లాగడం తనకొక లెక్క కాదు. ఉమర్ అనే సూడాన్ ఆయన దగ్గర ఒకటి మాట్లాడారు. చక్రాల మీద ఇల్లన్నమాట: రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, మనిషి తిరగడానికి వీల్లేని బాత్రూము, వెనక జనరేటరు. నాకు చెప్పేసరికే అద్దె కట్టేశారు. సరే అన్నాను. పైకి విసుక్కున్నాను గానీ లోపల ఆశ పడ్డాను. ఆ ఎడారిలో, ఇంకెవరూ లేని చోట, అన్నయ్య ఆ ఒక్క మాట అంటాడేమోనని.

శుక్రవారం ఇక్కడ సెలవు కాబట్టి చర్చి కూడా ఆ రోజే; తెలుగు ఆరాధన ముగిసి ఇంటికి వచ్చి, భోజనం కానిచ్చి ఎదురుచూస్తుంటే అన్నయ్య పికప్ వెనక కారవాన్ తగిలించుకుని మా సందులోకి వచ్చాడు. సందు పట్టలేదు. మలుపులో ఇరుక్కుపోయి, వెనక కార్లు హారన్లు మోగిస్తుంటే నానా తంటాలు పడి తిప్పాడు. కారవాన్ తీసుకునేవాళ్ళు దాన్ని ఇంటి ముందుకి తెప్పించుకోకండి, పెద్ద రోడ్డు మీదే ఎక్కండి. మావారు ముందు సీట్లో కూర్చున్నారు. నేను వెనకాల వదిన పక్కన. అద్దంలో ఒకసారి అన్నయ్య కళ్ళూ నా కళ్ళూ కలిశాయి. తను వెంటనే రోడ్డు వైపు చూశాడు.

దుఖాన్ రోడ్డు మీద షహానియాలో టీకి ఆగాం. ఒంటెల పందాలు జరిగే ఊరది. రోడ్డు పక్కన ఒంటెలకి దుప్పట్లు కప్పి, పొట్ట కింద తాళ్ళతో బిగించి నడిపించుకు పోతున్నారు. వదిన వెంటనే వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసింది.

"చూడే అమ్మా, ఒంటెలకు గూడ చెద్దర్లు కప్పిన్రు!"

"దుబాయ్‌ల గంత సలి ఉంటదా బిడ్డా?" అంది ఆవిడ.

"దుబాయ్ గాదే, ఖతర్."

"ఏదో ఒక దుబాయ్ తియ్యి. చెవులకు గుడ్డ కట్టుకో."

అందరం నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వితే అచ్చం అమ్మలాగే ఉంటాడు. నేను సగం టీ పారబోసి బండెక్కాను.

మూడున్నర ప్రాంతంలో జక్రీత్ దాటాం. అక్కడితో తారు రోడ్డు అయిపోతుంది, మిగతాది రాళ్ళ దారి. టైర్లలో కాస్త గాలి తీసి, నడక కంటే కొంచెం వేగంగా పోవాలి. వెనక కారవాన్‌లో గిన్నెలన్నీ కిందపడి దొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎదురుగా తెల్లటి సున్నపురాతి దిబ్బలు. కింద గాలి తినేసి సన్నబడి, పైన గొడుగుల్లా వెడల్పుగా నిలబడి ఉంటాయి. వాటి అవతల సముద్రం. చూడటానికి బాగుంటుంది, అబద్ధమెందుకు. తలుపు తీయగానే మాత్రం గాలి చెంప మీద కొట్టింది. మావారి మంకీ క్యాపు వదినకి వెళ్ళిపోయింది.

మేం చేసిన పని మీరు చేయకండి. కిటికీలోంచి నీళ్ళు కనబడాలని కారవాన్‌ని సముద్రం వైపు, గాలికి అడ్డంగా నిలబెట్టాం. దిబ్బ చాటున పెట్టాల్సింది. తర్వాత తిప్పుదామంటే చక్రం ఇసకలో దిగబడిపోయింది. బండి ఉయ్యాలలా ఊగడం మొదలుపెట్టింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, జనరేటరు వేసి చూస్తే హీటరు లేదు. గోడకి దాన్ని బిగించిన గుర్తులు మాత్రం ఉన్నాయి.

ఉమర్‌తో మాట్లాడే పని నాకే పడింది. స్కూలు ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి అరబ్బీ, హిందీ కలిపి ఎలాగో లాగించేస్తాను. కారవాన్ వెనక్కి వెళ్ళి, శాలువా చెవుల మీదికి లాక్కుని ఫోన్లో అరిచాను. "ఉమర్ భాయ్, హీటర్ కిధర్?"

"హీటర్ మాఫీ, మాడమ్. ఖరాబ్. కంబల్ ఫీ, హీటర్ మాఫీ."

దుప్పట్లున్నాయట, హీటరు లేదట. ఇక్కడ మాఫీ అంటే లేదు అని. పని మాఫీ, రూము మాఫీ, ఫులూస్ మాఫీ, అంటే డబ్బుల్లేవు. గల్ఫ్‌లో దిగిన మనిషి ముందుగా నేర్చుకునే మాట అదే. గాలికి ఇసక కళ్ళల్లో పడి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మావారు వచ్చి, ఏమంటున్నాడని అడిగారు. ఒళ్ళు మండి గట్టిగానే అన్నాను.

"ఏముంది, మాఫీ! నేను మాట్లాడను గానీ, మీరే వెళ్ళి అన్నయ్యకి చెప్పండి, మాఫీ అని."

ఆయన వెళ్ళి, హీటర్ లేదట బావగారూ, అని చెప్పారు. అన్నయ్య, పోనీలే బావా, బొగ్గులున్నాయిగా, అన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అయిదు దాటగానే పొద్దు వాలింది. దిబ్బ చాటున కుంపటి రాజేశాం. ఎంత చలేసినా ఆ కుంపటి కారవాన్ లోపల పెట్టకండి, తలుపులు మూసిన చోట బొగ్గు ప్రాణం తీస్తుంది. చుట్టూ కూర్చుంటే ముందు వైపు కాలుతోంది, వీపు గడ్డకట్టుకుపోతోంది. వదిన చికెన్ ముక్కలు కాల్చింది. నేను చేసుకొచ్చిన రొయ్యల వేపుడు చల్లబడి గట్టిగా అయిపోయింది. అన్నయ్య మొదటి ముక్క తీసి నా కంచంలో వేశాడు. తన జాకెట్ విప్పి నా భుజాల మీద కప్పాడు. నేను తలెత్తి చూశాను.

"రత్నం, నీది అమ్మ మనసే," అన్నాడు. "ఎలా మొదలుపెట్టాలా అని రోజూ అనుకుంటూనే ఉన్నాను. లలిత చెప్పింది. నన్ను అడగనివ్వకుండానే అదంతా మనసులోంచి తీసేశావంట కదా."

కళ్ళు తుడుచుకుంటూ జనరేటరు చూసి వస్తానని లేచి వెళ్ళాడు. నాకేం అర్థం కాలేదు. వదిన వైపు తిరిగాను.

"నేనేమన్నాను వదినా?"

"దాయకు రత్నం, నేన్ విన్న. బండెనుక నిలవడి ఏడ్సుకుంట మా అన్నతోని అన్లేదా? అన్నయ్యకి చెప్పండి, మాఫీ అని. నాకు పాణం లేసొచ్చింది. ఉరికిపోయి ఆయనకు చెప్పిన, నీ చెల్లె మాఫ్ జేసింది అని."

నిజామాబాద్‌లో మాఫీ అంటే క్షమాపణ. మన వైపు కూడా రుణమాఫీలో మాఫీ అదే. వదిన వచ్చిన నాటి నుంచి ఇల్లు కదల్లేదు, ఖతర్ మాఫీ ఆవిడ చెవిన పడలేదు. హీటర్ లేదని నేనంటే, అన్నయ్యని క్షమించానని మోసుకెళ్ళి ఇచ్చేసింది.

నవ్వు రావాల్సింది. రాలేదు. కాదు వదినా, అది హీటర్ సంగతి అని నాలుక చివరి దాకా వచ్చింది. మావారు నా చెయ్యి పట్టుకుని, వద్దు అన్నట్టు నొక్కారు. చెబితే అన్నయ్య ముఖం మళ్ళీ ముడుచుకుపోతుంది. చెప్పకపోతే, తప్పయింది అన్న ఆ మాట ఈ జన్మలో నాకు దక్కదు. అడక్కుండానే దొరికినదాన్ని ఎవరైనా మళ్ళీ ఎందుకు అడుగుతారు? అన్నయ్య తిరిగి వచ్చి కూర్చుని చిన్నప్పటి కబుర్లు చెబుతూ నవ్వుతున్నాడు. నేను కంచంలో ముక్క తిన్నాను. ఇంత దిక్కులేనితనం అమ్మ సమాధి దగ్గర కూడా అనిపించలేదు.

ఆ రాత్రి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఉన్న దుప్పట్లు సరిపోలేదు. రేకు గోడలు మంచుగడ్డల్లా ఉన్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే పడుకున్నాం. అన్నయ్య మాత్రం నిద్రపోయాడు, హాయిగా గురక పెట్టాడు. ఏడాది బరువు దిగిన మనిషి నిద్ర అది. నాకు అసూయ కలిగింది, కోపం కూడా వచ్చింది.

తెల్లవారేసరికి మా ఊపిరి ఆవిరంతా పైకప్పుకి పట్టి బొట్లుబొట్లుగా మా మీదే కారుతోంది. పరుపులు తడిశాయి. కుళాయి తిప్పితే నీళ్ళు వేళ్ళని కోశాయి. వదిన టీ పెడుతుంటే ఒక ఖతరీ పెద్దాయన ల్యాండ్‌క్రూజర్ ఆపి, దిగబడ్డ చక్రం చూసి తల ఊపాడు. తాడు కట్టి, "యల్లా, యల్లా!" అని అదిలిస్తూ లాగేశాడు. వెళ్ళేముందు ఫ్లాస్కులోంచి మాకు తలో చిన్న కప్పు గహ్వా, వాళ్ళ కాఫీ, పోశాడు. నా వైపు చూపించి అన్నయ్యని అరబ్బీలో ఏదో అడిగాడు.

"నా చెల్లెలు," అన్నాడు అన్నయ్య గర్వంగా. తను అలా అంటుంటే నేను ముఖం తిప్పుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి తిరుగు ప్రయాణం. పెట్రోలు బంకు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. వదినకి ఉర్దూ బాగా వచ్చు, టీలు తెచ్చే పని తనే తీసుకుంది. నాలుగు కప్పులు అట్టపెట్టెలో పెట్టుకుని మురిసిపోతూ వచ్చి కూర్చుంది.

"పాపం, ఆ మలయాళ పిలగాడు ఎంత మంచోడో. పరాటలు అయిపోయినయని నన్ను మాఫీ అడుగుతుండు."

అన్నయ్య పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా, మాఫీ అంటే ఇక్కడ లేదని! పరాటా మాఫీ, పరాటా లేదు. అంతే."

వదిన నవ్వలేదు. నెమ్మదిగా నా వైపు తిరిగింది.

"అయితే నిన్న నువ్వు..." అని ఆగిపోయింది.

"నిన్న ఏంటి?" అన్నాడు అన్నయ్య. అద్దంలోంచి నా వైపు చూశాడు. "రత్నం? ఏంటి నిన్న?"

"హీటర్ అన్నయ్యా," అన్నాను. "హీటర్ మాఫీ అన్నాను."

అన్నయ్య కప్పు పక్కన పెట్టి బండి తీశాడు. షహానియా దాటాం. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దోహాలోకి వచ్చి, అబూ హమూర్ దగ్గర ఎర్ర లైటుకి ఆగాక అన్నయ్య వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు.

"సెలవు మూడు రోజులే ఇచ్చారు రత్నం. ఆ పూట ఆగితే ఫ్లైట్ పోయేది, డ్యూటీ పోయేది. అందుకే ఆగలేదు. తప్పే. తప్పయింది."

ఏడాది పైగా నేను ఎదురుచూసిన మాట అదిగో, వచ్చింది. గుండెల్లో ఏదో కరుగుతుందని చూశాను. ఏమీ కరగలేదు. నాకు కావాల్సింది అది కాదని అప్పుడు తెలిసింది.

"పోనీ, ఇది చెప్పన్నయ్యా," అన్నాను. "అమ్మ ముఖం ఎలా ఉంది? నిద్రపోతున్నట్టు ఉందా? నొప్పి ఏమన్నా కనబడిందా? నువ్వన్నా చూశావుగా."

లైటు పచ్చబడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అన్నయ్య బండి కదిలించి, మా సందు మొదట్లో పెద్ద రోడ్డు పక్కగా ఆపాడు.

"నేనూ చూడలేదు," అన్నాడు. "ఐస్‌బాక్స్ అద్దం మీద దండలు, లోపల ఆవిరి, ఏమీ కనబడలేదు; పెట్టెలో పెట్టాక చూద్దామనుకున్నాను. కుర్చీలు, టెంటు, పాస్టరు గారికి కారు, అన్నీ చూసుకున్నాను. పెట్టె మూసేటప్పుడు రోడ్డు మీద నిలబడి కంపెనీకి ఫోన్లో చెబుతున్నాను, వచ్చేస్తున్నానని. లోపలికి వెళ్ళేసరికి మూత బిగించేశారు. మళ్ళీ తీయమని ఏ ముఖంతో అడగను? అప్పుడే నువ్వు ఎందుకు ఆగలేదన్నావు. ఏమని చెప్పను నీకు?"

మావారు దిగి మా సామాన్లు తీశారు. నేను దిగాను. సీట్లో కూర్చునే వదిన ఏడుస్తోంది. ఎవరైనా అడిగితే జక్రీత్ బాగుంటుందనే చెబుతాను. కారవాన్‌ని దిబ్బ చాటున పెట్టుకోమని, మందపాటి దుప్పట్లు తీసుకెళ్ళమని, హీటరు ముందే చూసుకోమని చెబుతాను. అంతకు మించి ఆ ప్రయాణం గురించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అన్నయ్య కారవాన్ లాక్కుంటూ వెళ్ళిపోయాడు. అమ్మకి మేమిద్దరమే పిల్లలం. ఇద్దరిలో ఒక్కరం కూడా ఆవిడ ముఖం చూసి పంపలేదు.