బీడీ కాలేంతసేపు నిలిచే నురుగు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అల్లుడు పట్టుబట్టి, ఉప్పల్ చౌరస్తా దగ్గర బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే ఓ హోటల్‌కు తీసుకెళ్లాడు. నా ముందు పెట్టిన గ్లాసు మీద రెండు వేళ్ల మందాన తెల్లటి నురుగు నిలబడింది. అల్లుడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, కింద మెట్రో దిగినవాళ్లు ఘట్‌కేసర్ షేర్ ఆటోల కోసం తోసుకుంటున్నారు, నేనేమో ఆ నురుగు ఎప్పుడు కుంగుతుందా అని చూస్తూ కూర్చున్నాను. కుంగలేదు. నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. మేమంతా నాచారంలోనే పుట్టి పెరిగినవాళ్లం. నేను అక్కడి అట్టపెట్టెల కార్ఖానాలో చేరితే, బావ మాత్రం ఊరవతల ఓ బీరు ఫ్యాక్టరీలో, బీరును పరీక్షించే గదిలో పనిచేసేవాడు. మన ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు, చుట్టాల్లో ఒకడు బీరు ఫ్యాక్టరీలో ఉన్నాడంటే పెళ్లిళ్లలో ఆయనకు ఎంత మర్యాదో! అడిగినవాడికల్లా నవ్వి ఊరుకునేవాడు తప్ప ఏనాడూ ఒక్క సీసా తెచ్చివ్వలేదు. ఆయన నోట వచ్చేదంతా నురుగు మాటే. మా నాన్న కల్లు మీది నురుగును ఉఫ్‌మని ఊది అవతలికి నెట్టేసేవాడు. బావ అదే నురుగు కోసం ప్రాణం పెట్టేవాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే మా అక్కకు ఒకటే నవ్వు.

బావకు యాభై దాటాక ఫ్యాక్టరీలో ఆయన చేసే పనికి మిషన్లు వచ్చాయి, ఆయన్ను ఇంటికి పంపారు. రామంతాపూర్‌లో ఓ అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా రమ్మని ఎవరో పిలిస్తే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. సరిగ్గా అప్పుడే, అక్కడ బీరు హోటల్ పెట్టబోతున్న ఒకాయన పనితెలిసిన మనిషి కోసం వెతుకుతున్నాడని తెలిసింది. బావ వెళ్లి కలిశాడు. నీ చేత్తో చేసిన బీరు చూపించు, నచ్చితే పని నీదే అన్నాడాయన. ఇంటికే వచ్చి చూస్తానన్నాడు.

ఇక చూడాలి బావ హడావుడి. బార్లీని, నురుగు బలానికి కాసిన్ని గోధుమల్ని నానబెట్టి, తడి గోనెసంచి కింద మొలకలెత్తించి, డాబా మీద ఎండబెట్టాడు. పాత స్నేహితుణ్ణి బతిమాలి హాప్స్ అనే చేదు పూలు తెచ్చుకున్నాడు. అక్క పెళ్లినాటి పెద్ద స్టీలు బిందెలో కాచి, పులియబెట్టి, సీసాల్లో నింపి, మంచం కింద చీకట్లో దాచి మూడు వారాలు ఎవర్నీ తాకనివ్వలేదు. వారానికో సీసా తీసి గ్లాసులో పోసి, గుమ్మం బయట నిలబడి ఒక బీడీ కాల్చి వచ్చేవాడు. బీడీ అయిపోయేసరికి నురుగు ఇంకా వేలెడు మందం ఉండాలి, అదీ ఆయన లెక్క. మూడోవారం ఉంది. ఆ రోజు ఆయన మొహం చూడాలి, చిన్నపిల్లాడే.

హోటలాయన వస్తాడనగా వారం ముందు నుంచీ బావది ఒకటే పోరు. గ్లాసులు సోడా పొడితో తనే కడిగాడు, బట్టతో తుడవనివ్వకుండా బోర్లించి ఆరబెట్టాడు. "జిడ్డు జర్ర తగిలినా నురుగు సస్తది, యాదుంచుకోన్రి" అని నాకే పదిసార్లు చెప్పి ఉంటాడు.

ఆ రోజు పొద్దున నేను వాళ్లింటికి వెళ్లేసరికి అక్క వంటపనిలో ఉండి, ఎల్లమ్మ పటం ముందు దీపం నన్ను పెట్టమంది. నువ్వుల నూనె పోసి, వత్తి సరిచేసి, కుంకుమ పెట్టి వెలిగించాను. ఇంతలో హోటలాయన కారు రానే వచ్చింది. బావ వంటింట్లో మూడు గ్లాసుల్లో బీరు పోసి, నురుగు చూసుకుని, నన్ను తెమ్మని చెప్పి ముందుగదిలోకి వెళ్లాడు. పళ్లెం ఎత్తబోతూ ఆగాను. మా ఇంట్లో సాక పోయకుండా, అంటే ఎల్లమ్మ పేరున నాలుగు చుక్కలు వదలకుండా, ఏనాడూ ఎవరూ కల్లు ముట్టలేదు. బావ బతుకు తేలే రోజున మరిచిపోతానా? గ్లాసు వంచితే నురుగు తగ్గుతుందేమోనని భయపడి, మూడింట్లోనూ వేలు ముంచి చుక్కలు చిలకరించాను. నా తెలివికి అప్పుడు నేనే మురిసిపోయాను కూడా.

ముందుగదిలో పళ్లెం దించేలోపే నురుగు చిల్లులు పడి కరిగిపోయింది. వత్తి సరిచేసిన నా వేలికి నూనె ఉందని అప్పుడు తట్టింది. బావ గాభరాగా రెండో సీసా తెరిచి అవే గ్లాసుల్లో పోశాడు. అదీ పడిపోయింది. గ్లాసు మార్చు బావా అని ఒక్క మాట అంటే అయిపోయేది. పరాయి మనిషి ముందు నా నోరు పెగల్లేదు. బావ గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి కాసేపు చూసి, మూడో సీసా దాకా చెయ్యి చాపి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. ఆశ వదులుకున్నాడనుకున్నాను.

"రుచి మంచిగున్నది గని అన్నా, నురుగు నిలుస్తలేదు. ఫోన్ జేస్త" అని హోటలాయన లేచాడు. ఫోన్ రాలేదు.

బావ ఆ నెలలోనే రామంతాపూర్‌లో గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. మిగిలిన సీసాలు ఏంచేశాడో నేను అడగలేదు, మళ్లీ ఆయన బీరు మాట ఎత్తలేదు. చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆ గేటు దాకా వెళ్లానో, యోగక్షేమాలు మాట్లాడి తిరిగొచ్చాను. మూడేళ్లకు గుండెనొప్పి వచ్చి దవాఖానాకు తీసుకెళ్లేలోపే పోయాడు.

దశదినకర్మ అయ్యాక అక్క కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పి ఏడ్చాను. అక్క ఏడవలేదు.

"ఆయనకు ఎర్కనే రా తమ్మీ. రెండోసారి పోసినంక గ్లాసు ఎత్తి సూసిండు గదా, అంచుకు నీ వేలి కుంకుమ అంటుకోని ఉండెనట. గ్లాసు మార్సకపోతివి అని నేనంటె, ఎల్లమ్మ పేరు మీద ముంచిన వేలు, పరాయోని ముందట దాన్ని జిడ్డని ఎట్లంటనే, పిలగాని మొకం సిన్నగైతది అన్నడు."

అప్పటికి నాకు యాభై రెండేళ్లు. ఆయనకు నేనింకా పిలగాణ్ణే.

ఆయన తిట్టి ఉంటే నేను క్షమించమని అడిగేవాణ్ణి. ఆ దారి కూడా లేకుండా పోయింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఎటు చూసినా ఇలాంటి హోటళ్లే, ఎవరూ సాక పోయరు, ప్రతి గ్లాసు మీదా నురుగు చక్కగా నిలబడుతుంది. మొన్న లోపలికి వెళ్లగానే నేను సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాను. మీకేమైంది మామా, ఇందాకే కడుక్కున్నారుగా అన్నాడు అల్లుడు. బీడీ కాలేంత సేపు ఆ నురుగునే చూశాను. నిలబడే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, గ్లాసు ముట్టకుండానే లేచి వచ్చాను.