ఎదురు గదిలోకి వెళ్లిన మా బావ

ఎదురు గది పెద్దాయన పోయారని ఈ వేసవి మొదట్లో కింద టీ కొట్టతను ఫోన్ చేశాడు. మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేశాడు. లేబర్ కోర్టు కేసులు చూసే లాయర్లం పెద్దాయనా నేనూ. ఒకే మేడ మీద, ఒకే వరండాలో ఎదురెదురు గదుల్లో ఏళ్ల తరబడి కూర్చున్నాం. ఆ కొట్లో నేనూ రోజూ టీ తాగినవాణ్ణే. నేను పోతే వీడు ఇలా ఏడుస్తాడా అని ఫోన్ చెవి దగ్గరుండగానే అనిపించింది. పోయిన మనిషి మీద కుళ్లేమిటని మా ఆవిడ తిడుతుంది. ఆయన బతికుండగానూ నాకు కుళ్లే, ఇప్పుడూ కుళ్లే. అది దాచిపెట్టి రాస్తే మీకు ఆయన సగమే తెలుస్తారు.

విశాఖలో ఉద్యోగం పోయినవాళ్లు లాయరు కోసం ఫోన్లో వెతికితే మ్యాపు నా గదే చూపిస్తుంది. దాన్ని పట్టుకుని పోర్టు నుంచి, ఉక్కు ఫ్యాక్టరీ నుంచి, ఫిషింగ్ హార్బరు ఐసు ప్లాంట్ల నుంచి వచ్చి, మెట్లెక్కి, నా గుమ్మంలో నిలబడి, పెద్ద లాయరు గారి గదేదండీ అని నన్నే అడిగేవారు. నేను ఎదురుగా చెయ్యి చూపించాలి. ఇంగ్లీషు నాది బాగుంటుంది, కోటు నాది బాగుంటుంది, నా గదిలో ఏసీ కూడా ఉంది. ఆయన గదిలో కిర్రుమనే ఫ్యాను. అయినా జనం ఆ ఫ్యాను కిందే కూర్చునేవారు. కడుపు మండదా మరి.

ఆయన తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. పెద్దాయన పుట్టి పెరిగింది విశాఖలోనే అయినా నోట్లోంచి 'ఆయ్' పోలేదు. వచ్చినవాళ్లు సంచీలోంచి కాగితాలు తీయబోతే వద్దనేవారు. "కాగితాలు ఎక్కడికీ పోవు గానండి, ఆ రోజు పొద్దున్న ఏం తిని డ్యూటీకెళ్లారో చెప్పండి" అనేవారు. చద్దన్నం దగ్గర మొదలైన మనిషి మెల్లగా సూపర్‌వైజరు దాకా, సస్పెన్షను దాకా వచ్చేవాడు. అరగంటయ్యేది. నేను తలుపు ఓరగా తీసుకుని అంతా వినేవాణ్ణి. ఉద్యోగం పోయినవాడికి ముందు పోయేది నోటిమాటే, అది తెప్పిస్తే సగం కేసు తయారైనట్టేనని ఆయన అనేవారు.

చివర్లో అందరికీ ఒకటే అప్పగింతలు. అక్కడికక్కడే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, పెట్టక తప్పకపోతే అందుకున్నానని మాత్రం రాసి నకలు అడగండి. రావద్దని నోటితో చెప్తే ఊరుకోకండి, కాగితం ఇచ్చేదాకా రోజూ గేటు దగ్గరికెళ్లి నిలబడండి, లేకపోతే మీరే పని మానేశారంటారు. లేబర్ ఆఫీసరు దగ్గర మాటలతో తేలిపోయే గొడవైతే కేసే తీసుకునేవారు కాదు. తోడెళ్లి రాజీ చేయించి వచ్చేవారు. అలా కేసులు వదులుకునేవాడి దగ్గరికే జనం ఎగబడడం నాకు ఎప్పటికీ అర్థం కాలేదు.

ఇదంతా ఒక ఎత్తు, మా బావ ఒక ఎత్తు. బావంటే మా అక్క మొగుడు. పోర్టులో సరుకు ఎక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో సిగ్నల్ మాను. కింద నిలబడి చెయ్యి ఊపితేనే పైన క్రేను కదులుతుంది. ఒకరోజు సరుకెత్తే వైరు రోపు పోగులు తెగి ఉండడం చూసి చెయ్యి దించేశాడు. కింద మనుషులున్నారు, ఎత్తొద్దన్నాడు. ఓడ పని ఆగింది. కావాలని ఆపాడని సూపర్‌వైజరు రాశాడు. విచారణ పెట్టారు. తప్పయిపోయిందని ఒక ముక్క రాసిచ్చెయ్, గొడవ ఇక్కడితో ఆగిపోతుందని ఎవరో పెద్దమనిషి చెప్తే ఈయన రాసిచ్చేశాడు. దాన్నే నేరం ఒప్పుకోలుగా చూపించి ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట్లోనే ఓడిపోయాను. ఇంట్లో లాయరు బావమరిదిని పెట్టుకుని, బావ మెట్లెక్కి వచ్చి, నా గుమ్మం దాటి ఎదురు గదిలోకి వెళ్లాడు. నేను గదిలోనే ఉన్నాను. వాళ్లింట్లో అక్క చేతి భోజనం ఎన్నిసార్లు తిన్నానో, ఆ మనిషికి నేను గుర్తు రాలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు.

ఆ సాయంత్రం పెద్దాయన్ని వరండాలో పట్టుకున్నాను. మా మనిషిని మీరెలా తీసుకున్నారని నిలదీశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు.

"మీ దగ్గర ఆయనకి సిగ్గండి. మీ ముందు ఏడిస్తే రేపు మీ అక్క ముందు ఎలా తిరుగుతాడు? పరాయోడి దగ్గరైతే ఓ ఏడుపు ఏడ్చేసి పోవచ్చు. ఆయ్."

ఆ మాట నిజమని తెలిసి మరింత ఒళ్లు మండింది.

ఆ ఒప్పుకోలు కాగితంతో కేసు చచ్చిందనే నా లెక్క. సూపర్‌వైజరుని బోనెక్కించిన రోజు, ఎలా ఓడతారో చూద్దామని వెనక బెంచీలో కూర్చున్నాను. పెద్దాయన రోపు గురించి ఎత్తనే లేదు. మీది ఏ ఊరండీ అని అడిగారు. మాడుగుల వైపు పల్లెటూరన్నాడు అతను.

"మీ ఊళ్లో తగువొస్తే, పెద్దల ముందు తప్పయిపోయిందని ఎవరంటారండి?"

"సిన్నోడే అంటాడండి."

"తప్పు పెద్దోడిదైతేనో?"

"ఎవులిదైనా సిన్నోడే అనాలండి. అంటే తగువైపోద్ది."

"మా మనిషి మీకంటే పెద్దోడా?"

"సిన్నోడేనండి," అని చెప్పి, చెప్పాక కంపెనీ లాయరు వైపు చూశాడు.

పెద్దాయన కూర్చున్నారు. నేను ఆ పల్లెల్లో పుట్టినవాణ్ణి. చిన్నప్పుడు మా అన్న చేసిన ప్రతి వెధవ పనికీ తప్పయిపోనాది అని నేనే చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్న నాకు రావాలి. గోదావరి నోటికి వచ్చింది.

వాదనలు మిగిలి ఉండగా ఆయన మంచం పట్టారు. చూడ్డానికి వెళ్లిన మా బావతో, ఇక మీ బావమరిదే చూస్తాడని చెప్పారట. అంటే బావ నా దగ్గరికి నా మీద నమ్మకంతో రాలేదు, ఆయన పంపితే వచ్చాడు. ఆయన పోయిన రోజు శ్మశానానికి డ్యూటీ బట్టల్లోనే వచ్చినవాళ్లతో రోడ్డు నిండిపోయింది. ఐసు ప్లాంటు ఆడవాళ్లు గేటు బయట కూర్చుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అంత పెద్దమనిషి పక్కన అన్నేళ్లు కూర్చున్నాననే ఏడ్చాను, కాదనను. కానీ ఆ జనాన్ని చూసిన ఏడుపు కూడా అందులో ఉంది.

వాదించాను. బాగానే వాదించాను. క్షమాపణ రాసినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదని, మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోవాలని తీర్పు వచ్చింది. కంపెనీ పై కోర్టుకి వెళ్లలేదు. మొన్న సోమవారం మొదటి షిఫ్టుకి బావని నా స్కూటరు మీద నేనే తీసుకెళ్లాను. కొత్త గేటు పాసు చేతికొచ్చాక బావ కళ్లొత్తుకున్నాడు. ఇప్పుడైనా నన్నో మాటంటాడని చూశాను.

"పెద్దాయనుంటే గేటు కాడికొచ్చీవోడు బావా. గెలిసినోల్లందర్నీ లోపలికంపే దాకా నిలబడీవోడంట."

"నాను ఒచ్చాను కద బావా. ఏటి, నాను కనబడట్లేదా?"

"నువ్వు సుట్టానివి. నువ్వు ఒత్తావు."

అని నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. లోపల నలుగురు చుట్టుముట్టారు. ఏదో అడిగారు, ఈయన వెనక్కి తిరిగి నా వైపు చూపించాడు. వాళ్లలో షిఫ్టు దిగి పోతున్న ఒకతను గబగబా బయటికొచ్చాడు. తననీ రేపట్నుంచి రావొద్దన్నారట.

"పెద్ద లాయరు గారంటే తమరేనా బాబూ?"

ఎన్నేళ్లు ఆ మాట కోసం ఎదురు చూశానో. అవునంటే అయిపోయేది, వినేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఆయన పోయారు, నేను ఆయన ఎదురు గది లాయర్నని చెప్పాను. అతను తలూపాడు. విన్నాడు, కానీ వెళ్లలేదు. టిఫిను క్యారియరు చేత్తో పట్టుకుని, ఇంకా ఎవరో రావలసి ఉన్నట్టు నా భుజం మీదుగా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.