పేరుతో పాటు పోయిన రెండు లైన్లు

మాస్టారు పోయారన్న సంగతి నాకు మనిషి చెప్పలేదు, ఫ్లెక్సీ చెప్పింది. మొన్న పొద్దున బ్రాడీపేటలో ఆటో దిగి తలెత్తితే, నేనొకప్పుడు పనిచేసిన కంప్యూటర్ సెంటర్ మెట్ల పక్కన కట్టి ఉంది. "మా కుటుంబ పెద్దకు కన్నీటి నివాళి" అట. మాస్టారి ఫొటో అరచేయంత. దానికి మూడింతలు డైరెక్టర్ గారి ఫొటో, చేతులు జోడించి. మాస్టారిది ఏ ఫొటోనో చూడగానే గుర్తుపట్టాను. పక్కన యూపీఎస్ మూల కనిపిస్తోంది. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేసిన రోజు, తీసెయ్యడానికి గంట ముందు దిగిన గ్రూపు ఫొటోలోంచి కత్తిరించారు. వేరే ఫొటో వాళ్ళ దగ్గర ఉంటేగా!

ఆయన పేరు నేనిక్కడ రాయను. ఒకసారి ఆ పేరు నా చేత్తోనే చెరిపేశాను. ఇప్పుడు పెద్ద అక్షరాల్లో రాసి మంచిదాన్ననిపించుకుంటే ఆ ఫ్లెక్సీకీ నాకూ తేడా ఉండదు.

మాస్టారిది మంగళగిరి, ఇంట్లో మగ్గం. ఇంటర్ దాకా నేస్తూ చదివారు. కంప్యూటర్ మాత్రం పాత పుస్తకాల షాపులో దొరికినవి కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నారు. సెంటర్లో ఆయన్ని ల్యాబ్ ఇన్‌చార్జి అనేవాళ్ళు. అంటే పాఠం చెప్పడానికి పనికొస్తారు, గోడమీది ఫ్యాకల్టీ బోర్డుకి పనికిరారు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. మెషీన్లు విప్పి, దుమ్ము దులిపి, బిగించడం నా పని. మా అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేది.

"ఏమ్మా, రోజూ విప్పుతున్నావు, లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలని లేదా?" అన్నారొకరోజు.

"నాకెందుకు మాస్టారూ, జీతం విప్పినందుకేగా."

"అయితే జీతం లేని పని ఒకటి నేర్పుతా. కూర్చో."

అలా కూర్చున్నదాన్ని. ఈరోజు నేను తింటున్న తిండి ఆ కుర్చీలోంచి వచ్చిందే.

మా మెషీన్ల అడ్మిన్ పాస్‌వర్డ్ డైరెక్టర్ గారొక్కరికే తెలుసు. ఇంకెవరికి తెలిసినా పాడుచేస్తారని ఆయన భయం. నెట్‌వర్కింగ్ కోర్సని పిల్లల్ని చేర్చుకుని, నెట్‌వర్కుని ముట్టుకోనివ్వని సెంటర్ మాది. దీనికి మాస్టారు ఒక దారి వెతికారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం, ఎమ్యులేటర్ అంటారు. లోపలిది ఉత్తుత్తిది. పిల్లలు ఏం పాడుచేసినా మూసేసి మళ్ళీ తెరుచుకోవచ్చు. లోపలిదాన్ని నెట్‌వర్కుకి కలపాలంటే మామూలుగా అడ్మిన్ అనుమతి కావాలి. అది అక్కర్లేని పద్ధతి ఒకటుంది. లోపలిది పంపేవన్నీ ఎమ్యులేటరే అందుకుని, తన సొంత పనిలాగా బయటికి పంపి, జవాబు తెచ్చి లోపలికిస్తుంది. బయటినుంచి చూస్తే అది కూడా ఒక మామూలు ప్రోగ్రామే, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

"లోపలున్నదానికి తను లోపలున్నానని తెలియదమ్మా," అనేవారు. "తెలియనివ్వకుండా చూసుకోడమే మన పని."

సీడీలో వచ్చిన ఎమ్యులేటర్ మా పాత మెషీన్లమీద పావుగంటకోసారి పడిపోయేది. మాస్టారు ఆర్నెల్లు కూర్చుని, దాని వెనకాల పనిచేసే చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలు, రొటీన్లంటారు, అన్నీ మళ్ళీ రాశారు. ఒకటి అడ్రసుని అంకెల్లోకి మారుస్తుంది. ఒకటి వచ్చిన సమాచారం దారిలో చెడిందేమో చూస్తుంది. ఇంకొకటి కనెక్షన్లని వరసలో పెడుతుంది, మరొకటి పని అయిపోయినదాన్ని వరసలోంచి తీస్తుంది. ఎవరికీ కనపడని పనులు. ఆయనలాగే.

ఆ తీసేదాని దగ్గరే అసలు చిక్కు. వరసలో ప్రతిదానికీ తన ముందెవరో వెనకెవరో మాత్రమే తెలుసు. మధ్యదాన్ని తీసేముందు ఆ రెండింటినీ కలిపి పెట్టాలి. ముందే తీసేస్తే మిగతా వరస ఎక్కడుందో కంప్యూటర్‌కి దొరకదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. నాకు బుర్రకెక్కకపోతే మాస్టారు భుజమ్మీది తువ్వాలు అంచులోంచి ఒక పోగు లాగారు.

"మగ్గమ్మీద పోగు చెడితే ముందు ఏం చేస్తాం?"

"నాకేం తెలుసు మాస్టారూ, మాది మిరపకాయల కొంప."

పడీపడీ నవ్వారు. "రెండు కొసలూ పట్టుకుంటాం. ఆ తర్వాతే చెడిన ముక్క తీస్తాం. ముందు ముక్క తీసేశావా, కొసలు జారిపోతాయి. ఇక వెతుక్కో!"

ఆయనకొక అలవాటుండేది. రాసిన ప్రతి ఫైలు పైనా ఐదు లైన్లు. మూడింట్లో తన పేరు, ఊరు, రాసిన తేదీ. మిగతా రెండింట్లో ఆ ఫైలు ముట్టుకునేవాళ్ళకి జాగ్రత్త. వాళ్ళ నాన్న చీర మడతలో పెట్టే చీటీమీద నేసినవాడి పేరూ, మొదటిసారి ఉప్పునీళ్ళలో ముంచమన్న మాటా కలిపే రాసేవాడట. "పేరు పెట్టినవాడే జాగ్రత్త చెప్పాలి," అనేవారు మాస్టారు.

ఒక కాలేజీవాళ్ళు మా ల్యాబ్ చూడ్డానికొస్తామన్నారు. నచ్చితే వాళ్ళ కాలేజీలోనూ పెట్టించుకుంటారు. వారం ముందు డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. పక్కనే ఆయన మేనల్లుడు, అప్పుడే ఇంజినీరింగ్ పూర్తిచేసి దిగాడు.

"ఫైళ్ళమీద ఆ పేరేంటమ్మా? తీసేసి సెంటర్ పేరు పెట్టు."

"మాస్టారికి చెప్పారాండీ?"

"నీకు జీతం ఎవరిస్తున్నారు?"

నలభై ఫైళ్ళు. అన్నిట్లో పై ఐదు లైన్లూ ఒక్కసారే లేపేసే కమాండ్ నాకొచ్చు. నేర్పింది ఆయనే. ఒక్క క్షణం పట్టింది. సిగ్గు విడిచి చెప్తున్నా, ఇంత తేలిగ్గా చేసేశానని గర్వపడ్డాను. పేరు మూడు లైన్లేనని, కింద ఇంకో రెండున్నాయని ఆగి చూడలేదు.

తనూ ఏదో చేసినట్టుండాలిగా, మేనల్లుడు ఆ ఫైళ్ళని నీటుగా సర్దాడు. తీసే రొటీన్లో పనుల వరస తిరగేశాడు. ముందు తీసెయ్యడం, తర్వాత పక్కవాటిని కలపడం. అలా చెయ్యొద్దని చెప్పే లైన్లు అక్కడ లేవు. ఒక్క మెషీన్లో, ఒక్క కనెక్షన్‌తో నడిపి చూసుకుంటే నడిచింది.

కాలేజీవాళ్ళొచ్చారు. ఫొటో దిగారు. "మాస్టారూ, మీరా యూపీఎస్ దగ్గర నిలబడండి," అన్నారు డైరెక్టర్ గారు. ఆ వెంటనే, "ఇదంతా మా ఇంజినీరు బాబు రాసిందండీ." పిల్లలందరూ ఒకేసారి మొదలెట్టారు. పది నిమిషాలు. ఒక తెర బిగుసుకుంది, దాని పక్కది, ఆ పక్కది. అన్నీ.

"మా పాత ల్యాబ్ మాస్టారు రాసిన చెత్తండీ, మావాడు సరిచేస్తున్నాడు," అన్నారు డైరెక్టర్ గారు.

నడిచినంతసేపు బాబు రాసింది. ఆగిన నిమిషంలో మాస్టారు రాసింది. ఆయన్ని ఆరోజే పంపేశారు.

ఫైలు తెరిస్తే రెండు నిమిషాల్లో నాకు తెలిసిపోయింది. డైరెక్టర్ గారి గది పదడుగుల దూరం. వెళ్ళలేదు. మిరప ఘాటుకి అమ్మ దగ్గు ముదిరి పని మానేసింది, ఇల్లు నామీదుంది. కారణం నిజమే. నిజమైన కారణం ఉన్నా పిరికితనం పిరికితనమే.

మర్నాడు మాస్టారొచ్చారు, చేతిలో మడిచిన కాగితంతో.

"నిన్న వెళ్ళేముందు ఫైలు చూశాను. పేరు సంగతి వదిలెయ్యమ్మా. ఆ రెండు లైన్లూ మళ్ళీ పెట్టెయ్. లేకపోతే పిల్లలు ఆ తప్పే సరైనదనుకుని నేర్చుకుంటారు."

"డైరెక్టర్ గారు చూస్తారు మాస్టారూ. వెళ్ళండి."

కాగితం అందుకోడానికి చెయ్యి కూడా చాపలేదు నేను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని మెట్లు దిగారు. ఆ తర్వాత ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో, కాటా పక్కన కంప్యూటర్ దగ్గర కూర్చుంటున్నారని విన్నాను. దగ్గుతున్నారనీ విన్నాను. మా అమ్మ దగ్గిన దగ్గే. ఒక్కసారీ వెళ్ళలేదు.

ఫ్లెక్సీ చూసిన రోజే మంగళగిరి వెళ్ళాను. మాస్టారి భార్య నన్ను చూసి, "కంప్యూటర్ల అమ్మాయివి నువ్వేనా? ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనేవారు," అని లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చిచ్చింది.

అదే కాగితం. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటు, అంచుల్లో చిల్లుల పట్టీ కూడా చింపలేదు. జేబులో నలిగి, మడతల్లోకి మిరపపొడి ఎర్రగా దిగింది. పైన ఐదు లైన్లు. పేరున్న మొదటి మూడింటినీ ఆయనే స్కేలు పెట్టి పెన్నుతో కొట్టేశారు. ఆరోజు నాకు ఇబ్బంది రాకూడదని, కొట్టేసే తెచ్చారు. కింది రెండింటిమీద గీత లేదు.

తీసేముందు అటూ ఇటూ ఉన్నవాటిని కలపండి.
ఈ వరస మార్చకండి.