వెల్డింగు మీద ఎర్ర గీత

గల్ఫ్‌ల నా పని పెద్ద క్రేన్ల వెల్డింగులు చూసుడు. అతుకు ఇంకెంత కాలం ఆగుతదో అంచనా కట్టాలె. ఇనుము ఒక్కసారి బరువుకే విరగది. బరువు ఎక్కుడు, దిగుడు, మళ్ల ఎక్కుడు... గట్లనే అలిసిపోతది, తీగెను అటూ ఇటూ వంచితే తెగినట్టు.

కామారెడ్డికి తిరిగొచ్చినంక ఓ పొద్దుగాల మా చెల్లె మొగుడు నన్ను ఎల్లారెడ్డి తొవ్వల ఉన్న రైసుమిల్లుకు తోల్కపోయిండు. బావ అక్కడ హమాలీ. లారీలు ఆగే జాగ మీదికెల్లి వడ్ల బెల్టు పోతది. దాన్ని మోసే ఇనుప కాళ్లు మోటరు షురూ కాంగనే వణికినయి.

"జర చూడు బావా, నాకెందుకో భయమైతుంది," అన్నడు.

నిచ్చెనెక్కిన. అతుకు మీది రంగు గీకి, ఎర్ర మందు పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టిన. పగులుంటే అందుల ఇంకిన మందు పైకొస్తది. చూస్తుండంగనే తెల్లటి పొడి మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలింది. కాలు చుట్టూ సగం దాంక ఉంది.

మిల్లు సేటు కిందికెల్లి అడిగిండు, "ఎన్ని రోజులు ఆగుతది?"

"చెప్పలేను సేటూ. ఇన్నేండ్లు దీని మీద ఎంత బరువు పోయిందో ఎవ్వరికి ఎరుక? రేపే పోవచ్చు, ఏడాది ఉండొచ్చు. బెల్టు బంద్ చేసి కాలు మార్చాలె."

"బయట వడ్ల లారీలు చూసినవా? కోతలప్పుడు బంద్ చేస్తే రైతులు నన్ను బతకనిస్తరా? రేపు పోతదని ఖరాఖండిగ చెప్పు, ఇప్పుడే బంద్ చేస్త."

నేను అట్ల చెప్పలేకపోయిన. ఎవ్వరూ చెప్పలేరు.

వారం తిరగకముందే పగులు మీద ఇనుప పలక అతికించి రంగేసిండ్రు. ఇగ నేను చూద్దామన్నా గీత కనపడది. మిల్లులు తనిఖీ చేసే సర్కారు ఆఫీసుల చెప్పిన. వచ్చి చూస్తమన్నరు. బావకు చెప్పిన, దాని కిందికి పోకని.

"బస్తాలు దింపేది అక్కడనే గద బావా, ఎగురుకుంట దింపాల్నా?" అని నవ్విండు.

కోతలు అయిపోవస్తుండంగ ఓ పగటీలి చెల్లె ఫోన్ చేసింది. ఏడ్చుకుంటనే చెప్పింది. పలక పక్కకెల్లే కాలు తెగి, బెల్టు కూలింది. మిగతావాళ్లు చాయ్ తాగ పోయిండ్రట. బావ ఒక్కడే కింద ఉన్నడు.

కామారెడ్డి దవాఖానల ఆయన కాలు మోకాలు కిందికి తీసేసిండ్రు. సేటు కూడ వచ్చిండు, గోడకు ఆనుకొని తల దించుకొని నిలబడ్డడు. ఆయన్ను తిడదామనుకున్న, కాని చెల్లె దిక్కే పోయిన.

చెల్లె నా దిక్కు చూసింది.

"పడతదని నీకు ఎరుకే గద అన్నా. ఎప్పుడు పడతదో గది కూడ చెప్తే అయిపోతుండె గద."

మత్తుల ఉన్న బావ కాళ్ల దిక్కు దుప్పటి ఒక పక్కన పలుచగ పడిపోయి ఉంది. చెల్లె పక్కన బెంచీ మీద కూసున్న.